అత్త మంచంలో నల్లులు

మా ఇంట్లో నల్లులున్నాయన్న సంగతి కడపలో మా వీధికి తెలుసు, మా చర్చి సంఘానికి తెలుసు, నేను పాఠాలు చెప్పే బడికి తెలుసు, ఒక చర్మం డాక్టరుకు కూడా తెలుసు. ఇంతమందికి చెప్పింది ఎవరో కాదు, నేనే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త నా పెళ్లయిన వారానికే కనిపెట్టింది. అయితే ఆ నల్లుల గురించి నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉండిపోయింది. మొన్న అత్తను అడిగితే, "పేర్లు లేకుండా రాసుకో పో" అంది. మా సంఘంలో పాటల పుస్తకం తప్ప ఇంకో పుస్తకం తెరిచేవాళ్లు తక్కువ కాబట్టి నాకూ ధైర్యం వచ్చింది.

మాది చిన్న ఇల్లు. ముందు హాలు, లోపల ఒక పడకగది, వంటిల్లు, పైన మిద్దె. మా ఆయన మంగంపేటలో ముగ్గురాయి గనుల దగ్గర పనిచేస్తాడు. వారమంతా అక్కడే క్వార్టర్సులో ఉండి, శనివారం సాయంత్రం బూట్ల నిండా తెల్లటి దుమ్ముతో వస్తాడు. పడకగదిలో పెద్ద మంచం మీద నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ పడుకుంటాం. హాల్లో కిటికీ పక్కన అత్త నులక మంచం.

ఆ మంచం కమలాపురం పక్క పల్లె నుంచి అత్తతో పాటు వచ్చింది. మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఆమె మా దగ్గరికి వచ్చేటప్పుడు రెండు చీరల సంచులు, ఒక బైబిలు, ఈ మంచం తెచ్చుకుంది. పోయిన మామ స్వయంగా అల్లిన నులక అది. నెలకొకసారి మా ఆయన చేత కాళ్ల వైపు తాడు బిగించుకుంటుంది. మా అమ్మాయి చదువు ఆ మంచం మీదే. నేను కూరగాయలు తరిగేది ఆ మంచం మీదే. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలు వదిలేసి నేరుగా పోయి దాని మీదే కూర్చుంటారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో కోత పండుగ జరిగింది. మా సంఘంలో కోత పండుగంటే ఎవరికి పండింది వాళ్లు తెచ్చి గుడిలో, చర్చిని మేం గుడి అనే అంటాం, పీఠం ముందు పెడతారు. పొలం లేనివాళ్లు కోడినో, గుమ్మడికాయనో తెస్తారు. ఆరాధన అయ్యాక గుడి బయట చెట్టు కింద అన్నిటినీ వేలం వేస్తారు. గుమ్మడికాయకు పట్టుచీరంత ధర పలుకుతుంది, ఎవరూ బాధపడరు.

మా సంఘంలో కూలికి పోయి బతికే ఒకామె ఉంది. భర్త లేడు. ఏటా తోటకూర కట్టలు రెండు తెచ్చి, ఎవరూ చూడకుండా పీఠం మూలకు పెట్టి వెనక్కి పోయేది. ఆ ఏడు మొదటిసారి ఒక ఎకరా కౌలుకు పట్టి కంది వేసింది. పండుగ రోజు ఆరాధన మొదలయ్యాక, అందరూ కూర్చున్నాక, నెత్తిన కందుల మూట పెట్టుకుని నడిదోవన నడిచి వచ్చింది. మూట దించి, పీఠం ముందు నిలబెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఒకసారి వెనక్కి తిరిగి మా అందరినీ చూసింది. వేలంలో అత్త మా ఆయన మోచేతిని వదలకుండా గిల్లుతూ పాడించింది. మూట మాకే వచ్చింది.

వేలంలో కొన్న ధాన్యం విషయంలో అత్తకు ఒక నియమం ఉంది. దాన్ని "దేవుని మూట" అంటుంది. వంటింట్లో డబ్బాల పక్కన, చీపురు తగిలే చోట పెట్టకూడదు. పడుకునే చోట పెట్టుకోవాలి. ఈస్టరు దాకా మూతి విప్పకూడదు. ఈస్టరు నాడు ఆ గింజలతో వండిందే ఇంట్లో మొదటి ముద్ద. మామూలుగా మేం ఇంటికి కందులు తెస్తే మొదట చేసే పని మిద్దె మీద ఎండబోయడం. పల్లెల్లో పుట్టిన వాళ్లం, ఆ మాత్రం తెలియనిది కాదు. కానీ దేవుని మూటను ఎండబెట్టాలన్న ఆలోచన మా ఇంటా వంటా లేదు. అది నేరుగా అత్త మంచం కిందికి పోయింది.

మార్చి వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒక రోజు మా అమ్మాయి మోచేతుల మీద, నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు చూపించింది. చెమటకాయలనుకుని పౌడరు చల్లాను. రెండు రోజులకు నాకూ వచ్చాయి. దోమ కుట్టినట్టు మధ్యలో చుక్క, చుట్టూ ఎరుపు, ఆగకుండా నవ. బడిలో నల్లబల్ల వైపు తిరిగి ఒక చేత్తో రాస్తూ ఇంకో చేత్తో నడుము గోక్కుంటుంటే వెనక పిల్లలు నవ్వడం వినిపించింది.

"అత్తా, నీకేం లేదా?" అని అడిగాను.

"నా తోలు ముదిరిపాయె. దాన్ని ఏం కుడతాయి?" అంది. నిండు చేతుల రవిక వేసుకుని కూర్చుంది. ఎండాకాలంలో నిండు చేతుల రవిక ఎందుకని నాకు అప్పుడు తోచలేదు.

మొదట అనుమానం మా ఆయన మీదికి పోయింది. క్వార్టర్సుల్లో నలుగురు పడుకునే గది, ఎవరి పరుపో ఎవరికి తెలుసు? ఆ శనివారం ఆయన సంచిని గేటు దగ్గరే ఆపాను. బట్టలన్నీ బయటే విప్పి బకెట్లో వేయమన్నాను. "వీధిలోనా?" అన్నాడు. తువ్వాలు ఇచ్చాను. ఎదురింటి వాళ్లు చూస్తుండగా ఆయన తువ్వాలుతో లోపలికి వచ్చాడు. నాకైతే ఏం సిగ్గనిపించలేదు. తీరా చూస్తే ఆయన ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

తర్వాత చర్మం డాక్టరు. ఆయన నా చెయ్యి చూసి, కళ్లజోడు సవరించుకుని, గజ్జి అన్నాడు. రోజుకు రెండుసార్లు ఇల్లు తుడిచే నాకు గజ్జి! ఇంకో మాట మాట్లాడకుండా మందు రాయించుకుని వచ్చి, మెడ నుంచి అరికాళ్ల దాకా అందరం పూసుకున్నాం. మూడు రోజులు ఇల్లంతా మందు వాసన. నవ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అప్పుడు మా బడిలో తోటి టీచరు ఒక మాట అడిగింది. "మీ ఇంట్లో నులక మంచం ఉందా?" ఉందన్నాను. "ఇంకేం మరి! నల్లులకు అంతకంటే బంగళా ఏముంది?" అంది.

ఇంటికి వచ్చి అత్త మంచం వైపు కొత్త కళ్లతో చూశాను. మా అమ్మాయి కూర్చునేది అక్కడ. నేను కూర్చునేది అక్కడ. మా ఆయన వచ్చినా సోఫాలో కూర్చుంటాడు, దాని మీద కూర్చోడు. లెక్క సరిపోయింది. అదే రోజు పక్కింటాయన సాయంతో మంచాన్ని మిద్దె ఎక్కించాను. కోళ్లకు, పట్టెలకు నడుమ సందుల్లో సలసల కాగే నీళ్లు పోశాను. కిరోసిన్ పూశాను. నులక ముడులు ఒక్కొక్కటి పిన్నీసుతో విప్పి చూశాను. ఒక్క నల్లి కనిపించలేదు.

అత్త మోకాళ్లతో మెట్లెక్కలేక కిందనే నిలబడి, "దొరికినాయా?" అని అరిచింది.

"లేదు. శానా తెలివైనవి. యాడో దాక్కున్నాయి."

"నీకు దొరక్కుండా దాక్కునే జీవి ఇంగా పుట్టలేదు లేమ్మే" అంది.

మంచాన్ని మిద్దె మీదే ఎండకు వదిలేశాను. అత్తకు హాల్లో ప్లాస్టిక్ నవారు మడత మంచం వేశాను. దాని కింద చోటు లేదు కాబట్టి కందుల మూటను లాక్కుపోయి మా పెద్ద మంచం కింద పెట్టాను. అప్పుడు అత్త, "మూటను మిద్దె మీద పెట్టరాదూ? గాలి తగుల్తాది" అంది.

"దేవుని మూటను ఎలకలకు పెడదామా అత్తా?" అన్నాను.

అక్కడి నుంచి మా గదిలో నిప్పుల మీద పడుకున్నట్టే అయింది. వీపు, మెడ, కాళ్లు, ఎక్కడ చూసినా పొక్కులు. నా లెక్క ప్రకారం నల్లులు అత్త మంచం దిగి నా పరుపెక్కాయి. ఈ సంగతి కనబడిన వాళ్లకల్లా చెప్పాను. నీళ్ల కుళాయి దగ్గర చెప్పాను, గజ్జి అన్న డాక్టరుకు పోయి మరీ చెప్పాను, ఆదివారం గుడి మెట్ల మీద చెప్పాను. ఒక సాయంత్రం వంటింట్లో నిలబడి మా చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూ, "ఏం చేస్తాం, మా అత్త పల్లె నుంచి తెచ్చిన ఆస్తి ఇది" అన్నాను. అని వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త ఉంది. చేతిలో ఖాళీ చెంబు. నీళ్లకు వచ్చింది. నేను చెంబు అందుకుని నీళ్లు నింపి ఇచ్చాను. ఆమె తీసుకుని పోయింది.

మరుసటి రోజు పొద్దున చూస్తే అత్త చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"యాడికత్తా?"

"కమలాపురం పోతా. పాప దగ్గర ఉండి శానా దినాలాయె." పాప అంటే ఆమె కూతురు, నా ఆడబిడ్డ.

"మల్ల ఎప్పుడు వస్తావు?"

"చూద్దాం" అంది. అత్త నోట "చూద్దాం" అన్న మాట నేను అంతకుముందు వినలేదు. ఆమెది ఎప్పుడూ అవును, కాదు. ఇంకా సంచి జిప్పు వేస్తూ, "ఆ మూట గూడా ఇయ్యి, తీసుకపోతా" అంది.

"ఈస్టరు దాకా విప్పగూడదంటివి గదా, ఊరు దాటించొచ్చా?"

"నేను పెట్టిన నియమమే గదా, నేనే తీసేస్తాండా."

మూటంతా ఇస్తే ఇంటికి వచ్చిన దీవెన గడప దాటిపోయినట్టు అనిపించింది నాకు. ఆమెను పంపిస్తున్నానన్న తప్పు ఎలాగూ గుచ్చుతోంది, దీవెన కూడా పోతే ఎలా? "సగం నువ్వు తీసుకపో, సగం ఈడ ఉండనీ" అన్నాను. "వొద్దుమ్మే, అంతా ఇయ్యి" అంది. నేను వినలేదు. "పోనీ నేను తోడుకుంటా, నువ్వు దూరం జరుగు" అంది. అదీ వినలేదు. పెద్దామెను వంగనిస్తానా అని నేనే కూర్చుని చేటతో సగం ఇంకో సంచిలో పోశాను. అక్కడక్కడ గింజలకు చిల్లులు కనిపించాయి. కందులన్నాక ఉంటాయిలే అనుకున్నాను. ఆమె గుమ్మంలో నిలబడి నా చేతుల వైపే చూస్తోంది.

బస్సెక్కించి వచ్చాక ఇల్లు బోసిపోయింది. మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. మా ఆయన ఫోన్ చేసి, "మంచం పోతే పోయింది, అమ్మను ఎందుకు పంపిస్తివి?" అన్నాడు. "నేను పంపలే, ఆమే పోయింది" అని కోపంగా పెట్టేశాను. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. హాల్లో కిటికీ పక్కన మంచం కోళ్లు నిలిచిన చోట గచ్చు మీద నాలుగు తెల్లని గుర్తులు మిగిలాయి. అటు పోయినప్పుడల్లా వాటిని తొక్కకుండా నడిచేదాన్ని.

అవి ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస రోజులు. మా సంఘంలో ఆ నలభై రోజులూ సాయంత్రాలు రోజుకొక ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం, దానికి ముందు గురువారం మా ఇంటి వంతు. మా ఇంట్లో కూడికంటే అత్త తన మంచం మీద కూర్చుంటుంది, ముసలివాళ్లు ఆమె పక్కన సర్దుకుంటారు, చివరి ప్రార్థన ఆమెదే. ఏడాదంతా ఆ రోజు కోసం చూస్తుంది. వారం ముందు సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేశాడు. "ఏం లేదమ్మా, మీ ఇంట్లో నల్లులంటాండారు. జంబుకానాలు గుడివి గదా. ఈసారికి వేరే ఇంట్లో పెట్టుకుందామా?" అన్నాడు. ఎవరన్నారని అడగబోయి ఊరుకున్నాను. అన్నది నేనే గదా. రెండు రోజులు గడువు అడిగాను.

అప్పుడు నల్లుల మందు కొట్టే ఆయన్ను పిలిచాను. నడివయసు మనిషి, నెమ్మది. టార్చి పట్టుకుని పరుపు కుట్లు, మంచం చెక్కల సందులు, గోడ పగుళ్లు, తలుపు బందులు అన్నీ చూశాడు. మిద్దె మీదికి పోయి అత్త మంచమూ చూశాడు. చూసి, "నల్లి లేదమ్మా" అన్నాడు.

"ఎట్లా లేదు? మా ఒళ్లు చూడు!"

"నల్లి ఉంటే మరకుంటాది. గుడ్డుంటాది. వాసనుంటాది. ఈడ ఏమీ లేదు. ఆ నులక మంచంలో అయితే ఎప్పుడూ లేదు, పాత మరక గూడా లేదు. శానా శుభ్రంగా పెట్టుకున్నారు."

నేను ఒప్పుకోలేదు. మందు కొట్టాల్సిందేనన్నాను. సరే, గది ఖాళీ చేసి పెట్టండి, రేపు పొద్దున వచ్చి కొడతానన్నాడు. నా ఒక్కదాని వల్ల కాదని ఆయనే మంచం జరిపాడు. కింద ఉన్న సగం మూటను భుజాన వేసుకుని హాల్లోకి తెచ్చి పెట్టాడు.

మరుసటి రోజు ఆయన మందు డబ్బా లేకుండా వచ్చాడు. గుమ్మంలోనే చొక్కా పై గుండీ విప్పి, "ఇది చూడండమ్మా" అన్నాడు. కుడి భుజం మీద, కుడి వైపు మెడ మీద నావంటి పొక్కులే గుంపుగా ఉన్నాయి. ఎడమ భుజం నున్నగా ఉంది. "మీ ఇంట్లో ఏదో ఉండాది. కానీ నల్లి కాదు" అన్నాడు.

ఆయన కుడి భుజం మీదే గదా మూట మోసింది. నేను హాల్లో మూలకు చూశాను. మూట ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. ముందు అది అత్త మంచం కింద ఉంది, అప్పుడు ఆ మంచం మీద కూర్చున్న వాళ్లకు నవ. తర్వాత నా మంచం కిందికి వచ్చింది, నవ నా గదిలోకి వచ్చింది. పురుగు పట్టిన పప్పుధాన్యాల్లో ఆ పురుగును తినే ఇంకో పురుగు పుడుతుందని, కంటికి ఆనదని, అది మనుషుల్నీ కుడుతుందని తర్వాత మా బడిలో సైన్సు సారు చెప్పాడు. ఆ పొద్దున మాత్రం నాకు ఏ సైన్సూ అవసరం లేకపోయింది.

నిండు చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని మూటను మిద్దె మీదికి ఈడ్చాను. పాత దుప్పటి మీద గుమ్మరించాను. సన్నటి పిండిలాంటి దుమ్ము లేచింది. ఎండ అప్పటికే మండుతోంది. పక్కనే అత్త మంచం రెండు వారాలుగా ఎండి, నేను పోసిన కాగిన నీళ్లకు కోళ్లు తెల్లబారి, నులక వదులై నడుమ జారి ఉంది. దాని పట్టె మీద కూర్చున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆడబిడ్డకు ఫోన్ చేశాను. వాళ్లకూ సగం మూట పంపాను గదా, అక్కడ ఇంకెంతమంది గోక్కుంటున్నారో అని భయం.

"వదినా, మీ ఇంట్లో ఎవరికైనా నవ వచ్చినాదా?"

"ఈడ ఎవరికీ ఏం లేదే. ఏం?"

"అత్త తెచ్చిన కందులు యాడ పెట్టినారు?"

"అయ్యా, అదొక కథ! వచ్చిన దినమే అమ్మ మిద్దె మీద ఎండబోపిచ్చినాది. అన్నం గూడా తినకముందే. నా చేతులకు కవర్లు తొడిగి, ముక్కుకు గుడ్డ కట్టి, పైకి పంపిచ్చినాది. పిల్లల్ని దగ్గరికి రానీలే. నాలుగెండలు ఎండినాక జల్లెడ పట్టినాము. ఇప్పుడు బంగారంలాగుండాయి."

అత్తకు ముందే తెలుసు. నిండు చేతుల రవిక, గాలి తగలాలన్న మాట, మూటంతా ఇవ్వమని అడగడం, నన్ను దూరం జరగమనడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. తెలిసీ నల్లుల మంచం ముసలమ్మ అనిపించుకుని బస్సెక్కి పోయింది.

ఆదివారం ఆరాధన కాగానే కమలాపురం బస్సెక్కాను. పోయేసరికి అత్త వసారాలో కూర్చుని చేటలో కందిబేడలు ఏరుతోంది. నన్ను చూసి, "నవ తగ్గినాదా?" అంది. ఆ మాటతోనే నాకు మళ్లీ కళ్లు నిండాయి.

"మూటలో ఉండాదని నీకు ఎప్పుడు తెలిసినాదత్తా?"

"మొదట్లోనే. కళ్లంలో పుట్టి పెరిగిన దాన్ని. కందుల నవ తెలీదా నాకు?"

"నాకు చెప్పొచ్చు గదా!"

"నీకా?" అని నవ్వింది. చేట పక్కన పెట్టింది. "నీకు చెప్తే ఆదివారానికి గుడంతా తెలుస్తాది. ఆయమ్మకు మొదటి పంటమ్మే అది. పండగ ముందురోజు దాకా కూలికి పాయె, ఎండబెట్టుకునే తీరిక యాడుండాది? దేవుని ముందర పురుగుల మూట పెట్టినాదని ఒక్కరన్నా, ఆ మనిషి వచ్చే ఏడు తోటకూర గూడా తేదు. గుడికే రాదు."

"దానికి నువ్వు మాట పడల్నా?"

"నాకేం పోతాది? ఇంట్లో మాట ఇంట్లో ఉంటాదిలే అనుకుంటి. ఈస్టరు దాకా ఓర్సుకుంటే అయిపాయె అనుకుంటి." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "పల్లె నుంచి తెచ్చిన ఆస్తి అంటివే, అదొక్కటే బాగా దిగినాది లోపలికి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రవిక చెయ్యి పైకి జరిగి, మోచేతి పైన మానిపోయిన పొక్కుల నల్లమచ్చలు కనిపించాయి. లెక్కలేనన్ని ఉన్నాయి. "తప్పయిపాయె అత్తా. ఇంటికి రా" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. నా నోరు అలా మొరాయించడం అదే మొదటిసారి.

"వస్తా" అంది. అవును, కాదు తప్ప మూడో మాట లేని పాత అత్త. "కానీ ఆయమ్మ మూట సంగతి నీ నోట్లోనుంచి ఊడిపడిందంటే మల్ల అదే బస్సు."

మాటిచ్చాను. ఇద్దరం మిగతా బేడలు ఏరి, సాయంత్రం బస్సుకు కడపకు వచ్చాం.

సంఘ పెద్దకు ఫోన్ చేసి, నల్లులు లేవు, మందాయన వచ్చి చూసి పోయినాడు, కూడిక మా ఇంట్లోనేనని చెప్పాను. మంచాన్ని కిందికి దించి, దాని చోట నా పరుపును ఎండకేసి, మా అమ్మాయీ నేనూ చెరో వైపు కాలు తన్నిపెట్టి తాడు బిగించాం. అత్త కుర్చీలో కూర్చుని, "ఇంగా, ఇంగా" అంటూ బిగింపించింది. నాలుగు కోళ్లు గచ్చు మీది నాలుగు గుర్తుల్లో సరిగ్గా కూర్చున్నాయి. ఆ చిన్న పనికి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

గురువారం సాయంత్రం జనం బాగానే వచ్చారు. జంబుకానా నిండిపోయింది, కుర్చీలు నిండిపోయాయి. అత్త మంచం మీద మాత్రం అత్త ఒక్కతే ఉంది. ఎప్పుడూ ఆమె పక్కన సర్దుకునే ఇద్దరు ముసలమ్మలు ఆ రోజు మోకాళ్లు పట్టుకుంటూ కింద కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ మర్యాదస్తులు.

కూలికి పోయే ఆమె అందరికంటే ఆలస్యంగా, పని చీరతోనే వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు. అత్త తన పక్కన మంచం మీద తట్టి, "రామ్మా, ఈడ కూర్చో" అంది. ఆమె ఒక అడుగు వేసి, మంచాన్ని చూసి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని ఆగింది. "పర్వాలేదు పెద్దమ్మా, గడప దగ్గర కూర్చుంటా" అంది.

అత్త చెయ్యి మంచం మీద అలాగే ఉంది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఎవరి పరువు కోసం ఆమె ఇంత మోసిందో ఆ మనిషే ఇప్పుడు ఆమె పక్కన కూర్చోవడానికి జంకుతోంది. నా చేతుల నవ ఎప్పుడో తగ్గింది గానీ నాలుక నవ మొదలైంది. ఒక్క మాట చెబితే చాలు, అత్త మంచం కడిగిన ముత్యమవుతుంది. ఆ ఒక్క మాటా చెప్పకూడదు.

నేను లేచి నిలబడ్డాను.

"ఒక సంగతి చెప్పల్ల అందరికీ" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినిపించింది. "నల్లులు మా అత్త మంచంలో ఉన్నాయని నేను ఊరంతా చెప్పినా. అది తప్పు. ఆ మంచంలో ఎప్పుడూ లేవు. ఉండింది నా పరుపులో. నేనే సరిగ్గా ఎండకేసుకోక, సరిగ్గా దులుపుకోక తెచ్చుకున్నా. ఆ పరుపు ఇప్పుడు మిద్దె మీద ఉండాది, కావాలంటే పోయి చూడండి. మా అత్త మంచమంత శుభ్రమైంది ఈ ఇంట్లో ఇంకోటి లేదు."

ఎవరో దగ్గారు. ఇన్నేళ్లూ నలుగురి ఇళ్లకు పోయి దిండు గలీబులు చూసి పెదవి విరిచిన మనిషిని నేను. ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం చూశాను. నా చెవులు కాలిపోయాయి. కానీ కూలికి పోయే ఆమె గడప దగ్గర నుంచి లేచి, మెల్లగా వచ్చి, అత్త పక్కన మంచం మీద కూర్చుంది. నులక కిర్రుమంది. కింద కూర్చున్న ముసలమ్మల్లో ఒకామె, "నాకు గూడా చెయ్యి ఇయ్యండమ్మా" అని లేచింది.

"పెద్దమ్మా, మా కందులు ఎట్లుండాయి?" అని కూలికి పోయే ఆమె చిన్నగా అడగడం నాకు వినిపించింది.

"బంగారంలాగుండాయి. ఈస్టరుకు పప్పు చేస్తాం, తినిపోదువు రా" అంది అత్త.

పాటలయ్యాయి. వాక్యం అయింది. చివరి ప్రార్థన అత్తది. పంటలకు, పిల్లలకు, గనుల్లో పనిచేసే వాళ్లకు, అందరికీ వరుసగా స్తోత్రాలు చెప్పింది. ఆమెన్ అనబోతారని అందరూ ఊపిరి పీల్చుకున్నప్పుడు ఇంకొకటి కలిపింది. "తండ్రీ, ఈ పొద్దు మా కోడలి నోటికి కావలి ఉంటివి. శానా కష్టమైన పని చేస్తివి. నీకు స్తోత్రం."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను.